కదలని బల్ల

"మూడో అధ్యాయం తీసెయ్యమ్మా," అన్నారు గైడు నారాయణమూర్తి గారు ఫోనులో.

శారోన్‌కి పీహెచ్‌డీలో ఆ అధ్యాయమే ప్రాణం. మూడేళ్ళ లెక్క అది. ఇంధనమూ గాలీ ముందే కలిసిపోకుండా, కొవ్వొత్తిలోలాగా మంట దగ్గరే కలుసుకుంటే, ఆ మంట ఎప్పుడు నిలకడ తప్పుతుందో చెప్పే లెక్క. రెండు కొవ్వొత్తుల కట్టలు దగ్గరగా ఉంటే మంటలు కలిసి ఎగసి కలిసి కుంగుతాయనీ, కాస్త ఎడం చేస్తే ఒకటి ఎగసినప్పుడు రెండోది కుంగుతుందనీ ఆమె సమీకరణాలు చెప్పేయి. ఆ రెండో మాట ఆయన నమ్మలేదు. ఎక్కడో ప్లస్సు మైనస్సయి ఉంటుందన్నారు. రేపు పొద్దుటికల్లా కంటికి చూపిస్తే సరే, లేకపోతే ఆ అధ్యాయం లేకుండానే థీసిస్ పంపమన్నారు.

సెలవులకి రాజోలు వచ్చిన పిల్లకి ల్యాబ్ ఎక్కడిది? వంటింటి బల్ల మీద మూడేసి కొవ్వొత్తులు కట్టకట్టి వెలిగించింది. బల్లకి ఒక కాలు పొట్టి. కిటికీ మూసినా కాలవ గాలి ఆగలేదు. మంటలు వాటి ఇష్టమొచ్చినట్టు ఊగేయి.

గుమ్మంలో కూర్చుని ఇదంతా చూస్తున్న మామ్మ ఎలీసమ్మ, "నీకు కావలసింది గాలి తగలని చోటూ, కదలని బల్లా. అంతేనా?" అంది.

"అంతే మామ్మా."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదే. అగ్గిపెట్టె పట్టుకుని నాతో రా."

మామ్మ తీసుకెళ్ళిన చోట చుట్టూ ఎత్తయిన ప్రహరీ. పొద్దు వాలుతోంది, కొబ్బరాకు కదలడం లేదు. ఎలీసమ్మ నల్ల గ్రానైటు పలకని చెంగుతో తుడిచి, పాత మైనం మరకల్ని గోటితో గీకింది. శారోన్ స్కేలుతో కొలిచి కట్టలు నిలబెట్టి, ఫోనులో స్లోమోషన్ తీసింది. దగ్గరున్నప్పుడు జంటగా ఎగసేయి. ఎడం చేసింది. ఒకటి ఎగసింది, రెండోది కుంగింది. మళ్ళీ అలాగే. మళ్ళీ అలాగే.

శారోన్ కళ్ళు తుడుచుకుంది. ఎలీసమ్మ పలకని ఓసారి చేత్తో నిమిరింది.

తెల్లారేక గైడు గారే ఫోన్ చేసేరు. రాత్రి ఆమె పంపిన వీడియో నాలుగుసార్లు చూసేననీ, పొరపాటు తనదేననీ, అధ్యాయం ఉండాల్సిందేననీ అన్నారు.

"కృతజ్ఞతల పేజీలో ఆ ల్యాబ్ వారి పేరు కూడా వెయ్యమ్మా. అంత నిలకడైన బల్ల మన దగ్గర కూడా లేదు."

"ఆయ్, వేసేనండి. మొదటి పేరు ఆయనదే. సైకిలు మీద నన్ను బళ్ళో దింపిన నాటి నుంచి నిన్నటి దాకా, చదువుకని ఏం అడిగినా కాదనలేదండి."

"ఎవరమ్మా ఆయన?"

"మా తాత దానియేలు గారండి. ఆ బల్ల ఆయన సమాధి."