గీత రెండో కొస

ఇలా దగ్గరికి జరిగి కూర్చో. కాళ్ళు చాపుకుంటే చాపుకో గానీ, చెవి మాత్రం ఇటు పెట్టు.

"తాతా, నీ మేకలవల్లే పెద్దపిట్టలు నేలమీద కట్టుకున్న గూళ్ళు వదిలేసి పోతున్నాయి. రేపటినుంచి గడ్డిబీడులోకి నీ మంద రాకూడదు," అంది బొమ్మలమ్మ. ఉపగ్రహం ఆకాశం నుంచి తీసి పంపే బొమ్మలు చదవడం ఆమె ఉద్యోగం. అందుకే ఆ పిట్టల్ని కాపాడే ఆఫీసులో అందరికీ ఆమె బొమ్మలమ్మ.

మేకల తాత తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. "బీడు లేకపోతే మందని అమ్ముకోవాల్సిందే తల్లీ. ఇంట్లో పొయ్యి వెలగదు. ఇంతకీ నా మేకల్ని చూసిందెవరు?"

"ఆకాశం చూసింది." ఆమె కంప్యూటరు తెర అతనివైపు తిప్పింది. పచ్చటి బీడు మధ్య తెల్లటి గీత, గోరుతో గీరినట్టు. "ఐదేళ్ళ కిందట వెంట్రుకంత. ఇప్పుడు చూడు, జడంత. గడ్డి చచ్చి నేల బయటపడింది. సరిగ్గా గూళ్ళదాకా!"

తాత తెరకి ముక్కు ఆనించి చూసి ఫక్కున నవ్వాడు. "అటో ఆకు, ఇటో ఆకు కొరికే మేక గీత గీసినట్టు నడుస్తుందా తల్లీ? మా ఆవిడ వెనకాల ఉంటే తప్ప నేనే తిన్నగా నడవను!"

"మాటలు కోటలు దాటుతున్నాయి. ఇక బీడులోకి రానని వేలిముద్ర వేయించుకోమ్మా," అన్నాడు పక్కనే ఉన్న గుమాస్తా.

బొమ్మలమ్మకి పౌరుషం వచ్చింది. ఆమె చదివిన బొమ్మ ఇంతవరకూ తప్పలేదు మరి. "ఊరికే నింద వేసే మనిషిని కాను. గీతకి ఒక కొస గూళ్ళ దగ్గరుంది. రెండో కొస ఎవరి గుమ్మంలో ఉంటే తప్పు వాళ్ళది. వాళ్ళిక బీడులో అడుగుపెట్టకూడదు. రాసుకోండి గుమాస్తాగారూ."

"రాసుకోండి బాబూ," అన్నాడు తాత ధీమాగా.

బీడు హద్దు లోపలే ఆమె పని. హద్దు దాటి ఎన్నడూ చూసి ఎరగదు. ఇప్పుడు బొమ్మని పక్కకి జరిపింది. గీత తిన్నగా తాత గుడిసెవైపే వచ్చింది. తాత కళ్ళు మూసుకున్నాడు. గీత గుడిసెని దాటేసింది, వాగు దాటింది, ఊరి చివర ఒక రేకుల షెడ్డు ముందు ఆగింది.

గుమాస్తా గబగబా రాసింది కొట్టెయ్యబోయాడు.

"కొట్టెయ్యకండి. తాతకి కాదు, ఆ షెడ్డువాళ్ళకే వర్తిస్తుంది," అంది బొమ్మలమ్మ.

నువ్వీ కథ ఎవరికి చెప్పినా, మధ్యలో ఏది మరిచిపోయినా ఫర్వాలేదు, ఇదొక్కటి మాత్రం చెప్పు: ఆ షెడ్డు ఆఫీసు కిటికీ అవతలే ఉంది, అందులో ఉండేది, గూళ్ళు క్షేమంగా ఉన్నాయో లేదో చూసిరావడానికి వారంవారం బీడులోకి వెళ్ళే ఆ ఆఫీసు జీపే.