వెళ్ళిపో నాన్నా

"ఆడినవాళ్ళంతా ఆహా అన్నారు. కొన్నవాళ్ళంతా మన చుట్టాలే. ఎందుకో సాయంత్రంలోగా తేల్చు. లేదంటే ఈ గదిని కింది లాండ్రీవాడికి ఇచ్చేస్తాను," అన్నాడు గేమ్ కంపెనీ యజమాని.

దయ్యాలబ్బాయి అమ్మకాల లెక్క మళ్ళీ చూశాడు. ఆ పేరు వీధిలో పిల్లలు పెట్టింది. మూడేళ్ళుగా ఈ గదిలోనే కూర్చుని ఒక హారర్ వీడియో గేమ్ తయారుచేశాడు. అందులో మొదటి భాగం ఎవరైనా ఉచితంగా ఆడుకోవచ్చు. చీకటి వసారా, చివర మూసిన తలుపు, తలుపు వెనక కనపడని ఒక ఆడదయ్యం. డబ్బు కడితే తలుపు తెరుచుకుంటుంది. లోపలికి రావద్దని మాత్రం దయ్యం బతిమాలుతుంది. వద్దన్న పనిని మనిషి చేసి తీరతాడని అతను మనస్తత్వ శాస్త్రంలో చదివాడు. ఆ ఒక్క మాటను నమ్ముకునే ఆ తలుపు పెట్టాడు.

"మా బావమరిదిని రమ్మన్నాను. వాడికి మన గేమంటే పిచ్చి. వాణ్ణే అడుగు," అన్నాడు యజమాని.

బావమరిది వస్తూనే దయ్యాలబ్బాయికి రెండు చేతులూ జోడించాడు.

"అన్నా, మీకో దండం. బుద్ధెరిగాక ఇలాంటి గేమ్ ఆడలేదు. వెన్నులో చలి పుట్టిందంటే నమ్మండి. మా ఆఫీసులో అందరి చేతా ఆడించాను."

"సంతోషం. తలుపు తీశాక ఎలా ఉంది?"

"తలుపా? నేను తియ్యలేదే."

"మీ ఆఫీసువాళ్ళు?"

"వాళ్ళూ తియ్యలేదు. ఆవిడ వద్దంది కదా!"

"ఆవిడ దయ్యమండీ."

"అయితే మాత్రం? మర్యాదంటూ ఉండదా?" బావమరిది కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "‘నీ మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. వేళకి తిని ఎన్నాళ్ళయింది? ఇక్కడ నీకు మిగిలేదేం లేదు, వెళ్ళిపో నాన్నా’ అంటుంది. ఎందుకైనా మంచిదని అద్దంలో చూసుకున్నాను. నిజంగానే పీక్కుపోయింది. కంప్యూటర్ కట్టేసి, కడుపునిండా తిని పడుకున్నాను. అంత ప్రేమగా చెబితే కాదని ఎలా కొంటామన్నా? మా ఇంట్లో ఒక్కరైనా నన్ను అలా అడిగారా?"

అంటూ బావ వైపు చూశాడు. బావ కిటికీ వైపు చూశాడు.

దయ్యాలబ్బాయి రాసిచ్చింది నాలుగే మాటలు: లోపలికి రావద్దు, వెనక్కి వెళ్ళిపో. మిగతాదంతా గొంతు ఇచ్చిన మనిషి అప్పటికప్పుడు చేర్చింది. అద్భుతంగా ఉందని అతనే ఉంచేశాడు. మనిషి లోపలి భయాలన్నీ తనకు తెలుసనుకున్నాడు. ఎవరైనా కాస్త ఆదరంగా చెబితే జనం వినేస్తారన్న సంగతి ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"మాట మార్పించు," అన్నాడు యజమాని. "వెళ్ళిపొమ్మని కాదు, రమ్మని పిలవాలి. ఇవాళే. లేకపోతే తాళాలు ఇచ్చేసి వెళ్ళు."

గొంతు ఇచ్చింది దయ్యాలబ్బాయి అక్క. రైల్వే స్టేషన్లో ప్రకటనలు చదువుతుంది. అతను మైకు సంచీ భుజాన వేసుకుని వెళ్ళేసరికి, ప్లాట్‌ఫారానికి ఆనుకున్న అద్దాల గదిలో అక్క క్యారియర్ విప్పుకుంటోంది.

"తిన్నావా?" అంది.

"తర్వాత తింటాలే. ఒక్క వాక్యం చెప్పిపెట్టక్కా."

"మళ్ళీ దయ్యమేనా?"

"దయ్యమే. ఈసారి లోపలికి రమ్మని పిలవాలి."

అక్క చేయి తుడుచుకుని గొంతు సవరించుకుంది. "లోపలికి రా నాన్నా."

"రెండో నెంబరు ప్లాట్‌ఫారం మీదికి రమ్మన్నట్టుంది. ఇంకోసారి."

"లోపలికి రా నాన్నా."

"ఇప్పుడు పళ్ళ డాక్టరు దగ్గర పిలిచినట్టుంది. అక్కా, నా ఉద్యోగం దీనిమీదే ఉంది. కొంచెం మనసు పెట్టు."

"పెడుతూనే ఉన్నానురా. రానిదాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

"మరి అప్పుడెలా వచ్చింది? ‘వెళ్ళిపో నాన్నా’ అని నువ్వంటే విన్నవాళ్ళకి గుండె నీరైపోయిందట. అప్పుడు ఎవరినో తలుచుకుని ఉంటావు. ఎప్పటిదో, లోపల దాచుకున్న బాధ ఏదో ఉంటుంది. మనసు అలాగే పనిచేస్తుంది. ఎవరో చెప్పు. మళ్ళీ వాళ్ళనే తలుచుకుందువుగాని."

అక్క జవాబు చెప్పబోయేంతలో గంట మోగింది. ఆమె తన మైకు వైపు తిరిగింది.

"రైలు వస్తున్నది. దయచేసి అందరూ పట్టాలకు దూరంగా జరగండి."

అద్దం అవతల జనమంతా, పత్రికలోంచి తల ఎత్తనివాళ్ళతో సహా, ఒక్క అడుగు వెనక్కి వేశారు. ఆ గొంతులో ఏముందో తెలుసుకోవాలని దయ్యాలబ్బాయి వాళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. రైలు వచ్చి ఆగింది.

అక్క మైకు ఆపి, క్యారియర్లో పై గిన్నె అతని ముందుకు జరిపింది. అతని మొహాన్ని ఒకసారి పరీక్షగా చూసింది.

"ఎవర్నీ తలుచుకోలేదురా," అంది. "ఎదురుగా మైకు పట్టుకుని కూర్చున్నావు కదా అని నీకే చెప్పాను. నువ్వు తప్ప అందరూ విన్నారు."