డాక్టరు గదిలో బల్ల

ఇటు రా బిడ్డా, ఆ ఫోను పక్కన పెట్టి నా మోకాలికి ఆనుకుని కూర్చో. నవ్వొచ్చే చోట నవ్వుకో, కానీ చివరిదాకా విను.

అనంతగిరి సోమమ్మ తెలుసు కదా, నాట్ల ముఠా నడిపే మనిషి. ఆమె ఒక మడిలో కేకేస్తే మూడో మడిలో వాళ్ల చేతులు కూడా చకచకా ఆడతాయి.

అంత గొంతున్న మనిషి కోదాడలో డాక్టరు ముందర కూర్చుని, పిల్లిలా అంది.

"ఏం లేదు సార్. జర గ్యాసు."

ఎందుకలా అందో తెలియాలంటే, ఆ దవాఖాన సంగతి చెప్పాలి. డాక్టరు గదిలోనే గోడవారగా ఒక బల్ల ఉండేది. ఒకరిని చూస్తుంటే, తర్వాత చూపించుకోవాల్సిన వాళ్లు దాని మీద వరసగా కూర్చునేవాళ్లు. ఒకరి జబ్బు అందరి చెవుల్లో పడేది.

జ్వరమైతే ఫర్వాలేదు. సోమమ్మది పదిమందిలో చెప్పుకునే బాధ కాదు. పైగా పక్కన నిలబడ్డది, బండి మీద తీసుకొచ్చిన అల్లుడు ప్రేమ్‌కుమార్. అల్లుడి ముందు అత్త దొడ్డికి పోయే సంగతి ఎలా ఎత్తుతుంది?

చలికాలం యాసంగి నాట్లప్పటి నుంచీ ఆమెకు ఒకరోజు బిగుసుకుపోయేది, ఒకరోజు నీళ్లలా పోయేది. నెత్తురూ పడేది. వేడి చేసిందిలే అనుకుని సబ్జా గింజల నీళ్లు తాగింది, మజ్జిగ తాగింది. జాకెట్లు వదులయ్యాయి. కూతురు సరళకు కూడా చెప్పలేదు.

అంతకుముందు వరండాలో, సోమమ్మ మాటిమాటికీ బాత్రూముకు పోయి రావడం ఒక ముసలామె చూసింది. మేళ్లచెరువు అన్నమ్మ.

"నెత్తురు గిట్ల పడుతుందా చెల్లే?" అని మెల్లగా అడిగింది.

"నీకెందుకే ముసల్దానా? నీ పని నువ్వు సూస్కో!"

అన్నమ్మ నవ్వింది.

ఇప్పుడు లోపల, డాక్టరు గ్యాసు గోళీలు రాస్తుండగా, బల్ల మీద నుంచి ఆ అన్నమ్మే లేచింది.

"ఓ అల్లుడు బిడ్డా! నోరెండుతుంది. బజార్ల నిమ్మకాయ సోడా తెచ్చిపెట్టు, పో."

"నేనా?"

"నువ్వే. దిష్టిబొమ్మ లెక్క ఉత్తగనే నిలబడ్డవ్ గద!"

ప్రేమ్‌కుమార్ గొణుక్కుంటూ పోయాడు. అతను గడప దాటాడో లేదో, అన్నమ్మ గొంతెత్తింది.

"సార్, నాకు దొడ్డికి పోతే నెత్తురు పడుతుంది. ఒకనాడు గట్టిగ, ఒకనాడు నీళ్లు. పోయొచ్చినంక గూడ ఇంకా పోవాల్ననే ఉంటది."

బల్ల మీద ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఛీ! ఇయ్యాల నాకు ముద్ద దిగదు," అన్నాడొకాయన.

"నీకు దిగకుంటే నాకు పెట్టు, నేను తింట," అంది అన్నమ్మ.

డాక్టరు మాత్రం నవ్వలేదు. ఎప్పటి నుంచి, బరువు తగ్గినవా, నీరసం ఉన్నదా, ఇంట్ల ఎవరికన్నా ఇట్ల ఉండెనా అని ఒక్కొక్కటే అడిగాడు.

"మొలలే కావచ్చు, కాకపోవచ్చు. చూడకుండ చెప్పలేం. తొందరగ పట్టుకుంటే బాగుచేసుకోవచ్చు. దాచుకుంటేనే కష్టం."

మాట అన్నమ్మతో. చూపు మాత్రం సోమమ్మ మీద.

సోమమ్మ చీటీ పట్టుకుని తలుపుదాకా పోయింది. ఆగింది. వెనక్కి తిరిగింది.

"సార్, నాది గ్యాసు గాదు. గా అవ్వకు ఏమున్నదో నాకూ గదే ఉన్నది."

నోరు తెరిచాక సోమమ్మను ఆపేదెవరు? అసలు గొంతు బయటికొచ్చింది. వరండా అంతా విన్నది. సోడా సీసాతో వచ్చిన ప్రేమ్‌కుమార్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"గిన్ని దినాలు ఎట్ల ఓర్సుకున్నవత్తా? సరళకన్నా చెప్పకపోతివి!"

"చెప్పిన గద ఇప్పుడు! ముందు ఆ సోడా అవ్వకియ్యి."

అన్నమ్మ సోడా తాగి, బ్రేవుమని త్రేన్చి, వెళ్లిపోయింది.

డాక్టరు పంపితే హైదరాబాదులో గొట్టం వేసి చూశారు. పేగులో గడ్డ. ఇంకా పాకలేదు, మంచి సమయానికి వచ్చారన్నారు. కోసి తీసేశారు.

వానాకాలం నాట్లకు సోమమ్మ మళ్లీ మడిలో దిగడానికి తయారైంది. దిగేముందు ఒక చీర కొని, అల్లుడి బండెక్కి కోదాడ వెళ్లింది.

"సార్, గా మేళ్లచెరువు అవ్వ ఏడుంటది?"

"అన్నమ్మనా? ఎండాకాలంల చనిపోయిందమ్మా."

సోమమ్మ కొత్త చీరను ఒళ్లోకి లాక్కుంది.

"అయ్యో! నన్ను బతికిచ్చి, తను పరీక్ష చేయించుకోలేదా సార్? గా జబ్బుతోనే పాయెనా?"

"ఆమెకు గా జబ్బు ఎక్కడిదమ్మా? గుండె ఆగి పోయింది. నా దగ్గరికి బీపీ గోళీలకు వచ్చేది."

"మరి నెత్తురన్నది?"

డాక్టరు బల్ల వైపు చూశాడు.

"ఆమె పెనిమిటి గిదే జబ్బుతోని గీ బల్ల మీదనే కూసోని, అందరు ఇంటున్నరని 'గ్యాసే సార్' అని లేచిపోయిండు. మళ్ల వచ్చేసరికి చెయ్యి దాటింది. అప్పటిసంది, ఇక్కడ ఎవరు నోరు మెదపకపోయినా, వాళ్ల జబ్బు తనకున్నదని చెప్పేది."

సోమమ్మ చీర భుజాన వేసుకుంది. బల్ల మీద వాళ్లను లేపింది.

"ప్రేమ్‌కుమారూ, గా కొస పట్టు."

అత్తా అల్లుడూ కలిసి బల్లను వరండాలోకి మోశారు. డాక్టరే తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు.

"ఇగ ఒక్కొక్కలే లోపలికి!" అని సోమమ్మ వేసిన కేక రోడ్డు మీదికి వినపడింది.

కానీ బిడ్డా, అన్ని చోట్లా బల్ల మోసే సోమమ్మ ఉండదు. అందుకే ఎవరైనా కడుపు పట్టుకుని 'ఏం లేదు, గ్యాసు' అని నసిగితే, పక్కన కూర్చుని అన్నమ్మ కథ చెప్పు, మరిచిపోకు.