కెప్టెన్ మీద కోపం

పుస్తకం గోడకు తగిలి చెప్పుల పక్కన బోర్లా పడింది.

"వాడి మొహం మండ! వాడూ ఒక మొగుడేనా?" అంది భార్య.

వంటగదిలో గిన్నెలు తోముతున్న లిఫ్టు మెకానిక్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. "ఎవరు?"

"ఇంకెవరు? ఈ నవల్లో కెప్టెన్‌గాడు!"

మెకానిక్ జన్మలో ఒక్క నవల చదవలేదు. ఆవిడ చదివి చెబుతుంది, అతను వింటాడు. పెళ్లయినప్పటి నుంచీ అదే పద్ధతి. ఎన్నో హత్యలు, ఎన్నో ప్రేమలు అతనికి ఆవిడ నోటి మీదుగానే తెలుసు.

"అంతరిక్షంలో ఓడ పోతూ ఉంటుంది. ఇంకో గ్రహం చేరేదాకా అందరికీ అద్దాల పెట్టెల్లో నిద్ర. కెప్టెన్ ఒక్కడే మేలుకుని ఉంటాడు. వాడి పెళ్లాం పెట్టె పాడైంది. చేరేలోపే ఆవిడ పోతుంది. లేపితే కొన్నాళ్లు మామూలుగా తిరుగుతుంది. వాడేం చేశాడో తెలుసా? లేపలేదు!"

మెకానిక్ సింకు వైపు తిరిగి, తోమిన గిన్నెనే మళ్లీ తోమాడు.

కిందటి వారం ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మ అతన్ని పక్కకు పిలిచి భార్య పరీక్షల సంగతి చెప్పింది. మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చు గానీ నయం చెయ్యలేమంది. "ఆవిడకు నన్ను చెప్పమంటారా?" అంటే "నేనే చెప్పుకుంటానండీ" అన్నాడు. ఇంటికొచ్చి భార్యతో, "రక్తం కాస్త తక్కువుందట, అంతే" అన్నాడు.

"పాపం, భయపడుతుందని లేపలేదేమో" అన్నాడిప్పుడు, సింకు వైపు చూస్తూ.

"భయపడితే భయపడనీ! ఆ భయం ఆవిడది. మిగిలిన ఆ కాస్త కాలం ఆవిడది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యడానికి వీడెవడు?"

"ప్రేమకొద్దీ..."

"ప్రేమా! రోజూ ఆ పెట్టె అద్దం తుడుస్తూ కూర్చుంటాడట. అంతకుముందు ఏనాడైనా గుడ్డ పట్టిన మొహమా అది?"

వారం కిందటే మొదటిసారి పట్టిన పీచును మెకానిక్ మెల్లగా కింద పెట్టాడు.

"చెబితే మాత్రం ఆవిడేం చేస్తుందిలే?"

"ఏమైనా చేస్తుంది! ఏడుస్తుంది. వాణ్ని నాలుగు తిడుతుంది. పక్క పెట్టెలో అక్కను లేపి, ఎప్పుడో తెగిపోయిన మాటలు కలుపుకుంటుంది. కిటికీ దగ్గర కూర్చుని చుక్కలు చూస్తుంది. ఏం, మీరైతే ఏం చేస్తారు?"

"కథలో గొడవకి మధ్యలో నన్నెందుకు..."

"చెప్పండి!"

"అంతా బాగానే ఉంది, పడుకో అంటాను" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"నేనేమన్నా మీ లిఫ్టులో ఇరుక్కున్నానా? లోపల జనం తలుపులు బాదుతుంటే బయట నుంచి 'ఏం లేదమ్మా, రెండే నిమిషాలు' అని అరుస్తారే, అలాగా?"

ఈసారి అతనికీ ఒళ్లు మండింది.

"అవును, అలాగే! కూర్చుని తిట్టడం తేలికే. వాడెంత నలిగిపోతున్నాడో నీకేం తెలుసు? చెబుదామని నోరు తెరుస్తాడు, మాట రాదు. పొద్దున్నే నీ మొహం చూస్తే..."

ఆగిపోయాడు. తను ఏమన్నాడో అప్పుడు అతనికే వినిపించింది.

ఆవిడ అరవలేదు. బల్ల దగ్గర కుర్చీ లాగి, "కూర్చోండి" అంది.

చేతులకు సబ్బు నురగతోనే కూర్చున్నాడు. డాక్టరమ్మ చెప్పిన ప్రతి మాటా చెప్పేశాడు. ఆవిడ ఏడ్చింది. "రక్తం తక్కువా? దొంగ మొహమా!" అని అతని భుజం మీద ఒక్కటి వేసింది. తర్వాత తువ్వాలు తెచ్చి, వేలు వేలూ విడదీసి, అతని చేతులు తుడిచింది. ముందుగదిలోకి వెళ్లి ఫోన్ తీసింది.

"అక్కా, పెట్టెయ్యకు. నేనే..."

వంటగదిలో ఒంటరిగా మిగిలిన మెకానిక్‌కు ఆ కెప్టెన్ మీద పట్టరాని కోపం వచ్చింది. తనే చెప్పగలిగినప్పుడు వాడికేం రోగం? చివరికైనా చెప్పాడో లేదో చూద్దామని వెళ్లి, చెప్పుల పక్కన పడున్న పుస్తకం దులిపి, ఎక్కడ వెతకాలో తెలియక మొదటి పేజీ తెరిచాడు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ మొదటి వాక్యం చదివాడు.

'పెట్టె పాడైందని తెలిసిన మరుక్షణమే కెప్టెన్ తన భార్యను నిద్రలేపి, అంతా చెప్పేశాడు.'