ఆశన్న తొడలో రాడ్డు

“ప్లేటే వెయ్యుండ్రి సారూ,” అన్నాడు ఆశన్న మళ్ళీ.

డాక్టర్ ఫణికుమార్‌కి విసుగొచ్చింది. పద్మాపూర్ బొగ్గు గనిలో తను నడిపే డంపర్ లారీ మెట్ల మీంచి జారిపడి, తుంటి కింద ఎముక ముక్కలు చేసుకొచ్చిన మనిషి, తనకు వైద్యం నేర్పుతున్నాడు.

“ఇదిగో చూడు.” ఎక్స్‌రే వెలుతురుకి పట్టాడు. “ఎముక ఇక్కడ నిలకడగా లేదు. పైన ప్లేటు బిగిస్తే బరువుకి స్క్రూలు ఊడొస్తాయి. కాలు పొట్టిదై కుంటుతావు. అదే ఎముక లోపలికి పొడుగు రాడ్డు దించామనుకో, మళ్ళీ డంపర్ ఎక్కుతావు.”

“పక్కా ఎక్కుతనా?”

“పక్కా.”

“గట్లయితే ప్లేటే వెయ్యుండ్రి.”

ఒంట్లోకి అంత పొడుగు ఇనుము దిగుతుందని భయం కాబోలు అనుకున్నాడు ఫణికుమార్. భార్య రాజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు చూస్తోంది. కొడుకు సంజయ్ తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. ఐటీఐ చదివి, చంద్రపూర్‌లో ఎవరిదో ఆటో తోలుతున్నాడు వాడు.

“బాపూ, భయపడకు. నువ్వు కుంటుకుంట నడుస్తుంటె నేను చూడలేను. సార్ చెప్పినట్టు ఇను.”

కొడుకు కళ్ళల్లో తడి చూసి ఆశన్న ఇంక కాదనలేకపోయాడు. తల ఊపి మొహం తిప్పుకున్నాడు.

ఆపరేషన్ చక్కగా కుదిరింది. ఫణికుమార్ కొత్త ఎక్స్‌రేని ఫోన్‌లో పెట్టుకుని కనిపించిన డాక్టరుకల్లా చూపించాడు. తన పనితనం మీద ఆయనకున్న మురిపెం అంతా ఇంతా కాదు.

చలికాలం వెళ్ళేసరికి ఎముక అతుక్కుంది. ఆశన్న కర్ర లేకుండా గది ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. కాలు వెంట్రుకవాసి కూడా పొట్టి కాలేదు.

“శభాష్. ఫిట్ అని రాసిస్తున్నాను. ఇక డ్యూటీకి వెళ్ళొచ్చు.”

ఆశన్న కూలబడ్డట్టు కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళనిండా నీళ్ళు. రాజమ్మ అయితే వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఫణికుమార్‌కి ఇలాంటి కన్నీళ్ళు అలవాటే. డాక్టర్ చదువు చదివినందుకు తృప్తిగా అనిపించేది ఇలాంటప్పుడే.

“దండాలవీ వద్దులే. సంతోషంగా వెళ్ళిరండి.”

సంజయ్ ఆటో తేవడానికి బయటికి వెళ్ళేదాకా ఆగి, ఆశన్న మెల్లగా నోరు విప్పాడు.

“నేను అన్‌ఫిట్ అయితెనే నా నౌకరి వానికొస్తుండె సారూ.”