నానని కర్రపెండలం

"ముట్టుకోకండి సార్, అంటురోగమైతే?" రాజధాని కిన్షాసా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు న్జుంబ చేతులు వెనక్కి లాక్కుంది.

మార్కెట్ అరుగుల మీద బతికే మసంబ కాళ్లు తెల్లారేసరికి కట్టెల్లా బిగుసుకుపోయాయి. జ్వరం లేదు. రక్తపరీక్షలో ఏమీ తేలలేదు.

పెద్ద డాక్టరు లుకోకి ఆమె మంచం మీదే కూర్చున్నాడు. "ఏం తింటున్నావమ్మా?"

"తోటల్లో వదిలేసిన చేదు కర్రపెండలం, బాబూ."

"మూడు రోజులు నీళ్లలో నానేశావా?"

మసంబ నవ్వింది. "భలేవారే! మూడు రోజులు కుండ ఎక్కడ పెట్టను? కాపలావాళ్లు పొద్దున్నే మమ్మల్నీ కుండనీ కలిపి తన్నేస్తారు. ఒక్కపూట ఎండేసి ఉడకేసేదాన్ని."

"నానకపోతే విషం పోదు. అదే నీ కాళ్లు పట్టేసింది. కొందరికి మొదట్లో మడమలు నేలకు ఆనవు."

న్జుంబ ఊపిరి పీల్చుకుంది. మొదటిసారి మసంబ చెయ్యి పట్టుకుంది. "భయపడకక్కా. ఇది ఎవరికీ అంటదు."

మసంబ గుమ్మం వైపే చూస్తోంది. అక్కడ ఆమె ఆరేళ్ల కూతురు నిలబడి ఉంది.

"ముందు దానికి పెట్టాకే నేను తినేదాన్ని."

"ఇలా రా తల్లీ" అంది న్జుంబ.

పాప మునివేళ్ల మీద నడుచుకుంటూ వచ్చింది.

"వారం నుంచీ అలాగే నడుస్తోంది" అంది మసంబ. "ఆటనుకున్నాను."