షబ్రీన్ గీసిన గూబ

“సంచి దించు,” అన్నాడు ఎల్లప్ప.

వడమాలపేట దాటాక రోడ్డు పక్కన ఉండే గుట్ట అది. పొద్దున్నే బస్సు దిగి గుట్టెక్కుతున్న షబ్రీన్‌కు అతను ఉన్నట్టుండి అడ్డం వచ్చాడు. ఖాకీ చొక్కా, చేతిలో కర్ర.  ఆమె సంచి కింద పెట్టింది.

కొన్నాళ్లుగా ఆమె మీద కన్నేసి ఉంచానని, ఒంటరిగా ఎందుకొస్తున్నదో తేలేదాకా కదలనివ్వనని అన్నాడు. అనుమానం పెనుభూతం అంటారు. అది ఎల్లప్పను గట్టిగానే పట్టింది.

“ఈ గుట్టలో నాకు తెలీకుండా ఎవురో గూబల్ని ఎత్తకపోతా ఉండారు. నువ్వేనా?”

తాను కాళహస్తిలో కలంకారీ పని చేస్తానని, బొమ్మలు గీసుకోవడానికే వస్తున్నానని షబ్రీన్ చెప్పింది. అతను నమ్మలేదు. సంచి బోర్లించాడు. చింతబొగ్గు కడ్డీలు, నీళ్ల సీసా, మడతపెట్టిన గుడ్డ పడ్డాయి. గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని ముఖం చిట్లించాడు.

“పాలవాసన కొడతా ఉండాది. ఇది దేనికి? తలమీద కప్పేదానికా? కండ్లు మూస్తే గూబ కదల్దు.”

“కాదన్నా. కరక్కాయ, పాలు కలిపి నానబెట్టిన గుడ్డ. రంగు పారకుండా అట్లా చేస్తాం. దాని మీదనే మేం గీసేది.”

ఆమెకు కోపం రాలేదు. చేతబడి కోసం గూబల్ని పట్టుకుపోతారని ఆమె కూడా విన్నది. అడిగేవాడంటూ ఒకడు ఉండటం మంచిదే అనుకుంది.

ఎల్లప్ప మడత విప్పాడు. గుడ్డమీద నల్లటి గీతల్లో కొమ్ముల గూబ, దాని పక్కన మూడు పిల్లలు.

“పిల్లలు గూడా ఉండాయే. యాడ సూస్తివి?”

షబ్రీన్ చెప్పనంది. ఆ చోటు కన్నతల్లికి కూడా చెప్పలేదు. తల్లిగూబ బెదిరి లేచిపోతే పిల్లలు బతకవు. ఆ భయంతోనే ఎప్పుడూ దూరంగా కూర్చుని గీసేది. చెప్పకపోతే స్టేషన్‌కు పట్టుకుపోతానని అతను బెదిరించాడు. సరే పోదాం పదమంది.

 ఎల్లప్ప మళ్లీ బొమ్మ చూసి పెదవి విరిచాడు.

“సెల్లులో సూసి గీసిండేది ఇది. నువ్వు గూబని సూడనే ల్యా.”

దొంగ అంటే ఓర్చుకుంది గానీ, ఈ మాటకు షబ్రీన్‌కు ఒళ్లు మండిపోయింది. కాళహస్తిలో ఏ గుడ్డ చూసినా అవే నెమళ్లు, అవే చిలకలు. కళ్లతో చూసిందే గీస్తానని పట్టుబట్టి, గురువుతో మాట పడి, తోటివాళ్ల ముందు నవ్వులపాలై, ఎండల్లో తిరిగి తిరిగి సంపాదించుకున్న గూబ ఇది. దీన్ని కాపీ అంటాడా ఈ మనిషి?

“రా అన్నా. సెల్లులో ఉండాదో, ఈడ ఉండాదో నీ కండ్లతోనే సూడు.”

చప్పుడు చేయొద్దని చెప్పి తనే ముందు నడిచింది. ముళ్లకంపలు తప్పించుకుంటూ పాత క్వారీ వెనక్కి తీసుకుపోయి బండనెర్రె వైపు వేలు చూపించింది. తల్లిగూబ సగం కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. పక్కన దూది ఉండల్లా మూడు పిల్లలు. ఎల్లప్ప ఊపిరి బిగబట్టి చాలాసేపు చూశాడు. అతని ముఖం వెలిగిపోవడం చూసి షబ్రీన్‌కు గర్వంగా అనిపించింది. తన గీత నిజమని ఇన్నాళ్లకు ఒకరు ఒప్పుకున్నారు.

“తప్పయింది పాపా. నిజంగానే సూసి గీసినావు,” అన్నాడు.

ఈ చోటు ఇంకెవరికీ చెప్పొద్దన్నాడు. మనిషి అలికిడికి తల్లి బెదురుతుంది కాబట్టి ఆమెను కూడా కొన్నాళ్లు రావొద్దన్నాడు. తాను చూసుకుంటానని మాటిచ్చాడు. రోడ్డుదాకా వచ్చి, తిరుపతి బస్సు ఆపి ఎక్కించాడు కూడా. రంగులు వేయడం అయ్యాక గుడ్డ తెచ్చి మొదట అతనికే చూపిస్తానని షబ్రీన్ కిటికీలోంచి చెప్పింది. ఆమె మనసు తేలికపడింది.

బస్సు మలుపు తిరగ్గానే ఎల్లప్ప పొదలో దాచిన వల బయటికి లాగాడు.